మెనియర్స్ వ్యాధికి సప్లిమెంట్లు: ఏది ఉంచాలి, ఏది ఆపాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 51. మల్కాజిగిరిలో ఉంటాం. ఉప్పల్ దగ్గర పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఏడేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. గుండె డాక్టర్ సలహాతో రోజూ ఆస్పిరిన్ 75 కూడా వేసుకుంటాను. మాంసాహారం తినను. ఏడాది కిందట ఎడమ చెవిలో దిబ్బడ, హోరు మొదలయ్యాయి. ఒకరోజు తరగతిలో బల్ల పట్టుకునేలోపే గది మొత్తం గిర్రున తిరిగింది. మూడు గంటల పాటు వాంతులు. వినికిడి పరీక్ష చేసి మెనియర్స్ వ్యాధి అన్నారు. బీటాహిస్టిన్ రాశారు, ఉప్పు తగ్గించమన్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఎక్కడో చదివి గింకో, నిమ్మజాతి ఫ్లేవనాయిడ్లు, జింకు, మెగ్నీషియం, బి-కాంప్లెక్స్, విటమిన్ డి పంపాడు. నీళ్లలో వేస్తే పొంగే విటమిన్ సి బిళ్ళలు నేనే ఇక్కడ కొన్నాను. అన్నీ కలిపి నెలకు 5 వేల రూపాయలు దాటుతోంది. రెండున్నర నెలలుగా ఒక్కసారి కూడా తల తిరగలేదు. హోరు మాత్రం పోలేదు. వీటిని కొనసాగించి బీటాహిస్టిన్ మానేయవచ్చా? మామూలు ఉప్పు బదులు తక్కువ సోడియం ఉప్పు వాడవచ్చా?
— ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం:

అమ్మా, అన్నిటికన్నా ముందు మూడు మాటలు. గింకో బిళ్ళలు ఈ రోజే ఆపేయండి. తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్టు కొని ఉంటే వంటింట్లోంచి తీసేయండి. బీటాహిస్టిన్‌ను మాత్రం మీ అంతట మీరు మానకండి.

గింకో ఎందుకు వద్దంటే, మీరు ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. ఆస్పిరిన్ పని రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించడం. గింకో ఆకు సారానికి కూడా కొంత అలాంటి గుణం ఉందని వైద్యులు జాగ్రత్త చెబుతారు. రెండూ కలిసినప్పుడు రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. రేపు మీరు పన్ను తీయించుకోవడానికి వెళ్తే ఆస్పిరిన్ సంగతి డాక్టర్ అడుగుతారు, గింకో సంగతి అడగరు. మనం మందుగా లెక్కపెట్టని వస్తువు గురించి మనమూ చెప్పం. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

తక్కువ సోడియం ఉప్పులో సోడియం క్లోరైడును కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడు కలుపుతారు. మీరు వాడే టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియాన్ని నిలబెట్టే మందు. దానికి తోడు షుగర్ ఉన్నవారి మూత్రపిండాలు పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేకపోవచ్చు. రక్తంలో పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ సూచనా కనిపించకపోవచ్చు. మీ ఇంట్లో బీపీ మందులు, మూత్రపిండాల సమస్య లేనివారికి ఆ ఉప్పు మంచిదే కావచ్చు. మీకు మాత్రం రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం చూసి డాక్టర్ సరేనంటే తప్ప వద్దు.

ఇక ఆ రెండున్నర నెలల మాట. తల తిరగలేదని చదివి నాకు నిజంగా సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని మీ దగ్గర్నుంచి లాక్కోవాలని లేదు. కానీ మీరు లెక్కలు చెప్పేవారు, మీతో లెక్క ప్రకారమే మాట్లాడాలి. మన పెద్దలు కాకతాళీయం అన్నారు. కాకి వచ్చి చెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. పండు రాలే సమయం అప్పటికే వచ్చింది, కాకి లేకపోయినా రాలేది. మెనియర్స్ వ్యాధిలో సరిగ్గా ఇదే జరుగుతూ ఉంటుంది. ఈ జబ్బు అలలుగా వస్తుంది. రెండు మూడు వారాలు వరసగా పడగొట్టి, తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఊరుకుంటుంది. మనిషి కొత్త సీసా కొనేది ఎప్పుడు? బాగా బాధపడిన వారంలో. ఆ వారం దాటాక జబ్బు ఎలాగూ కొంత తగ్గుముఖం పడుతుంది. అప్పుడు చేతిలో ఏ సీసా ఉంటే పేరు దానికి పోతుంది.

ఇది నా ఊహ కాదు. జర్మనీలో 221 మంది మెనియర్స్ రోగులను మూడు బృందాలు చేసి తొమ్మిది నెలలు గమనించారు. ఒక బృందానికి బీటాహిస్టిన్ తక్కువ మోతాదు, ఇంకొక బృందానికి ఎక్కువ మోతాదు, మూడో బృందానికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగులకూ తెలియదు, వైద్యులకూ తెలియదు. 2016లో ఫలితాలు వచ్చాయి. మూడు బృందాల్లోనూ తల తిరగడం తగ్గింది, దాదాపు ఒకే తీరున తగ్గింది. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవారు కూడా నెలలు గడిచేకొద్దీ తేలికపడ్డారు.

దీన్ని చదివి, అయితే బీటాహిస్టిన్ కూడా దండగే కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ మందు రోజూ రాసే మా వంటివారికి అది మింగుడుపడని ఫలితమే. కొందరికి అది ఉపయోగపడుతుందని ఇప్పటికీ నమ్మే వైద్యులు ఉన్నారు, దుష్ఫలితాలు తక్కువ కాబట్టి రాస్తూనే ఉన్నారు. ఉబ్బసం, కడుపులో పుండు ఉన్నవారికి మాత్రం ఆచితూచి ఇస్తారు. నేను కోరేది ఒక్కటే. మీ డాక్టర్‌ను ఇదే ప్రశ్న సూటిగా అడగండి: “ఇది నాకు ఎంతకాలం? ఎప్పుడు ఆపి చూద్దాం?” ఆ నిర్ణయం ఇద్దరూ కూర్చుని తీసుకోవాలి. ఒక మందును మరొక సీసా నమ్మకంతో మానేస్తే, రేపు మళ్లీ తల తిరిగినప్పుడు దేనివల్లో ఎవరికీ అంతుపట్టదు.

మీ చెవిలో ఏం జరుగుతోందో కాస్త చెబుతాను. ఇది తెలిస్తే సీసాల మీద రాసిన మాటలను మీరే తూకం వేసుకోగలరు. లోపలి చెవిలో పల్చటి పొరతో చేసిన గొట్టాలు, సంచులు ఉంటాయి. వాటి లోపల పొటాషియం ఎక్కువగా ఉండే ఒక ద్రవం, బయట సోడియం ఎక్కువగా ఉండే మరొక ద్రవం. లోపలి ద్రవం పెరిగి పొర ఉబ్బడాన్ని ఈ వ్యాధి ఉన్నవారి చెవుల్లో చూశారు. దిబ్బడ, హోరు, గిర్రున తిరగడం, ముందుగా మంద్రమైన శబ్దాల దగ్గర వినికిడి తగ్గడం దాంతో ముడిపడినవే. ఆ ఉబ్బు ఎందుకు వస్తుందో మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 1861లో ప్యారిస్‌లో బధిరుల సంస్థకు వైద్యుడిగా ఉన్న ప్రాస్పెర్ మెనియర్ ఈ తల తిరుగుడుకు మూలం మెదడులో కాదు, చెవిలో ఉందని చెప్పే దాకా ఇలాంటి రోగులకు మెదడు జబ్బు అనుకుని వైద్యం చేసేవారు. పొటాషియం అన్నాను కదా అని అరటిపండుకు భయపడకండి. చెవిలోని పొటాషియాన్ని చెవే సర్దుకుంటుంది, పళ్లెంలోంచి నేరుగా అక్కడికి పోదు.

ఇప్పుడు మీ సీసాల దగ్గరికి వద్దాం.

చెవి హోరు మీద గింకోను బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా ఇచ్చి చూశారు. 2001లో వచ్చిన ఆ ఫలితాల్లో ఉత్తుత్తి బిళ్ళకూ గింకోకూ తేడా కనబడలేదు. హోరు విషయంలో గింకో, జింకు, మెలటోనిన్, ఇతర సప్లిమెంట్లు సూచించవద్దని అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం 2014లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. నిమ్మజాతి ఫ్లేవనాయిడ్లకు ప్రచారం ఉన్నంత రుజువు లేదు. వాటితో పెద్దగా హాని జరుగుతుందని కూడా నేను అనను, డబ్బు మాత్రం పోతుంది.

జింకు విషయంలో కొంచెం ఆగాలి. లోపం ఉన్నవారికి కొద్దికాలం ఇస్తే మంచిదే. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. రాగి తగ్గితే నరాలు దెబ్బతిని నడక తూలుతుంది. తూలకుండా ఉండటానికి వేసుకున్న బిళ్ళే తూలేలా చేస్తుందన్నమాట. బి-కాంప్లెక్స్‌లోని బి6 కూడా అంతే. కొద్దిగా ఉంటే పోషకం, అతిగా చాలాకాలం వాడితే అరికాళ్లలో స్పర్శ తెలిపే నరాలకు చేటు.

కిందటి వేసవిలో ఒక పెద్దాయన గుడ్డ సంచీ నిండా సీసాలు తెచ్చి నా బల్ల మీద వరసగా పేర్చారు. తొమ్మిది. ఆయనకు చెవి జబ్బు చాలాకాలంగా ఉన్నదే. కొత్తగా అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, రాత్రి దీపం వేయకుండా లేస్తే గోడ పట్టుకోక తప్పడం లేదని చెప్పారు. చెవి జబ్బు ముదిరిందనుకుని తొమ్మిదో సీసా కొన్నారు. ఒక తెల్లకాగితం తీసి, అడ్డంగా సీసాల పేర్లు, నిలువుగా విటమిన్ల పేర్లు రాసి, ఇద్దరం కళ్లజోళ్లు సవరించుకుంటూ ఆ చీమతలకాయంత అక్షరాలు చదివి అంకెలు నింపాం. బి6 మూడు సీసాల్లో ఉంది, ఒకదానిలో 100 మిల్లీగ్రాములు. విటమిన్ డి నాలుగింటిలో ఉంది. ఒక్కో సీసా విడిగా చూస్తే తప్పు కనిపించదు, కాగితం మీద కూడితే తెలిసింది. అవన్నీ ఆపాక తిమ్మిరి తగ్గడానికి కొన్ని నెలలు పట్టింది, ఇంకా కొంత మిగిలే ఉంది. అలాంటి కాగితమే మీరూ తయారు చేయాలని నా కోరిక. లెక్కల పంతులమ్మకు అరగంట పని.

ఒక విషయం గుర్తుంచుకోండి. మనిషి నిలకడగా నిలబడటానికి మూడు ఆసరాలు కావాలి: కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల నుంచి వచ్చే స్పర్శ. మీకు ఒక చెవి ఇప్పటికే మొండికేసింది. మిగతా రెండింటినీ పదిలంగా చూసుకోవాలి. అందుకే సప్లిమెంట్లన్నిటిలో మీకు నిజంగా అవసరం కాగలిగింది ఒకటుంది, దాని పేరు మీ ఉత్తరంలో విడిగా లేదు. అది విటమిన్ బి12. మీరు మాంసాహారం తినరు, పైగా ఏడేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. శాకాహారుల్లో బి12 లోపం మామూలే, మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలోనూ అది తగ్గుతుంది. మీకు రెండూ కలిశాయి. గ్యాస్ బిళ్ళలు కూడా రోజూ వేసుకునే అలవాటు ఉంటే మూడో కారణం కూడా తోడైనట్టే. బి12 తగ్గితే అరికాళ్లు మొద్దుబారుతాయి, నడక తూలుతుంది, నీరసం వస్తుంది. బి12 మీ చెవిని బాగుచేస్తుందని చెప్పను, మీ కాళ్లను కాపాడుతుందని చెబుతాను. రక్తపరీక్ష చేయించండి. తక్కువ ఉంటే ఇంజెక్షన్లా, బిళ్ళలా, ఎంత మోతాదు అన్నది మీ షుగర్ డాక్టర్ నిర్ణయిస్తారు. బి-కాంప్లెక్స్ వేసుకుంటున్నాను కదా అని పరీక్ష మానకండి, చాలా సీసాల్లో బి12 మీ అవసరానికి సరిపడేంత ఉండదు.

విటమిన్ డి గురించి జనంలో ఒక గందరగోళం ఉంది. తల తిరగడం అనగానే అందరూ ఒకే జబ్బు అనుకుంటారు. పక్క మీద అటు నుంచి ఇటు తిరిగినప్పుడు, పై అరలోని డబ్బా కోసం తల ఎత్తినప్పుడు, ఒక నిమిషంలోపు గిర్రున తిరిగి ఆగిపోయేది వేరే జబ్బు. చెవిలోని సన్నని సున్నపు రేణువులు చోటు మారడం వల్ల అది వస్తుంది. తలను ఒక పద్ధతిలో తిప్పి డాక్టర్ దాన్ని నిమిషాల్లో సరిచేయగలరు. దక్షిణ కొరియాలో 2020లో వెలువడిన పెద్ద పరీక్షలో, విటమిన్ డి తక్కువగా ఉన్నవారికి దాన్ని కాల్షియంతో కలిపి ఇస్తే ఆ జబ్బు మళ్లీ మళ్లీ రావడం తగ్గింది. ఆ వార్తే చేతులు మారి మెనియర్స్‌కు కూడా మందు అన్నట్టు ప్రచారమైంది. మెనియర్స్‌లో ఒక్కో దాడి 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా ఉంటుంది, అప్పుడే చెవి దిబ్బడ, హోరు, వినికిడి మారతాయి. ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండవచ్చు, కాబట్టి మీకు ఏ తరహా తిరుగుడు వస్తుందో గమనించి చెప్పండి. విటమిన్ డి కూడా పరీక్ష చేయించి, తక్కువ ఉంటేనే వేసుకోండి. మన మందుల షాపుల్లో దొరికే 60 వేల యూనిట్ల పొట్లాలు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలకు రాస్తారు. రోజుకొకటి తాగి, రక్తంలో కాల్షియం పెరిగి, వికారంతో, మలబద్ధకంతో, మూత్రపిండాల్లో చిక్కులతో ఆసుపత్రికి వచ్చేవారు ఉన్నారు.

మెగ్నీషియం దగ్గర మీ జబ్బు గురించి నాకొక అనుమానం ఉంది. మీ వయసులో, బహిష్టులు ఆగే కాలంలో, పార్శ్వపు తలనొప్పి తల తిరగడం రూపంలో బయటపడటం అరుదు కాదు. అది అచ్చం మెనియర్స్‌లాగే కనిపించవచ్చు. రెండూ కలిసి ఉండటం కూడా చూస్తూనే ఉంటాం. పార్శ్వపు తలనొప్పి తరచూ రాకుండా మెగ్నీషియం, రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) కొందరికి ఉపయోగపడతాయని కొంత రుజువు ఉంది. అందుకే తల తిరిగినప్పుడు వెలుతురు, చప్పుడు భరించలేకపోతున్నారా, చిన్నప్పుడు బస్సు ఎక్కితే వాంతులయ్యేవా, అమ్మకో అక్కకో తలనొప్పి ఉందా అన్నది డాక్టర్‌కు చెప్పండి. ఔనంటే మెగ్నీషియం కొనసాగించడంలో అర్థం ఉంటుంది, క్రియాటినిన్ మామూలుగా ఉంటేనే సుమా. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే అది ఒంట్లో పేరుకుంటుంది.

ఇక ఆ పొంగే విటమిన్ సి. బిళ్ళ నీళ్లలో పడగానే బుస్సుమని బుడగలు వస్తాయి, ఆ బుడగలకు కారణం సాధారణంగా సోడియం బైకార్బొనేటు, అంటే మన వంటసోడా. కొన్ని బిళ్ళల్లో ఒక్కోదానిలో 200 మిల్లీగ్రాములకు పైనే సోడియం ఉంటుంది. కూరలో ఉప్పు మానుకుని, గ్లాసులో తాగుతున్నారు. కడుపు ఉబ్బరానికి నీళ్లలో కలుపుకునే పొడులు కూడా ఇదే కోవలోవి. రోజుకో ఉసిరికాయో జామపండు ముక్కో తింటే విటమిన్ సి సరిపోతుంది. షుగర్ ఉంది కాబట్టి జామ మరీ పండనిది తినండి.

ఉప్పు సంగతి ఇక్కడే పూర్తిచేస్తాను. నిజం చెప్పాలంటే ఉప్పు తగ్గిస్తే మెనియర్స్ తగ్గుతుందనడానికి కూడా గట్టి పరీక్షలు లేవు, వైద్యుల అనుభవమే ఎక్కువ. అయినా మీకు గట్టిగా చెబుతున్నాను. మీకు బీపీ ఉంది, ఆ మేలు ఖాయం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది ఒక మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించవద్దని. అందులో సోడియం 2,000 మిల్లీగ్రాములు ఉంటుంది. మెనియర్స్ ఉన్నవారిని చాలామంది వైద్యులు 1,500 నుంచి 2,000 మధ్య ఉండమంటారు.

దీన్ని కొలవడానికి నేను చెప్పే పద్ధతికి త్రాసు అక్కర్లేదు. కొత్త కిలో ఉప్పు ప్యాకెట్టు కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తేదీ వేయండి. ఇంట్లో నలుగురు ఉంటే, మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు. కిలో ఉప్పు 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోయిందంటే మనిషికి 10 గ్రాములు పడుతున్నట్టు. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, బేకరీ పఫ్‌లు, సాయంత్రం ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు ఈ లెక్కలోకి రానే రావు, కాబట్టి ప్యాకెట్టు 50 రోజులకన్నా ఎక్కువే రావాలి. సైంధవ లవణం, కల్లుప్పు అని పేరు మారినా లోపల ఉండేది అదే సోడియం క్లోరైడు. వాటికి మారితే అయొడిన్ పోగొట్టుకోవడమే మిగులుతుంది.

ఆవకాయ పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. వదిలేసినవారు నెల తిరగకుండా సీసా మూతి తెరిచి రెండింతలు తింటారు, ఇది చాలామందిలో చూశాను. పెరుగన్నంలో విడిగా ఉప్పు వేసుకోకుండా ఒక చిన్న ముక్క నంజుకోండి. ఉప్పు ఒక్కసారిగా ఎగుడుదిగుడు కాకుండా, రోజూ ఇంచుమించు ఒకేలా ఉండటం ముఖ్యమని మా అనుభవం. వారమంతా చప్పిడి తిని ఆదివారం పెళ్లి విందులో ఊరగాయ, బిర్యానీ, మిర్చి బజ్జీ ఒకే పూట తిన్నవారు సోమవారం ఫోను చేస్తారు. మరీ ఉప్పు లేకుండా పోవడం కూడా మంచిది కాదు. మే నెలలో మన ఎండల్లో చెమట కక్కుతూ నీళ్లు మాత్రమే తాగుతూ ఉంటే రక్తంలో సోడియం పడిపోవచ్చు. మీ బీపీ బిళ్ళ పేరు చివర ‘హెచ్’ అని ఉందేమో చూడండి. అది తరచుగా మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉన్నదానికి గుర్తు, అలాంటివారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. వాంతులైన రోజున ఓఆర్‌ఎస్ తాగడం సరైనదే, దాహం వేసినప్పుడల్లా తాగే పానీయంగా మాత్రం వద్దు.

కాఫీ, టీలు ఎక్కువైతే కొందరికి హోరు పెరుగుతుంది. మీకు పెరుగుతోందో లేదో పది రోజులు తగ్గించి చూస్తే తెలుస్తుంది. వికారానికి అల్లం వేసిన వేడినీళ్లు హాయిగా తాగవచ్చు.

సప్లిమెంటు సీసా ఏదైనా ఒకసారి చేతిలోకి తీసుకుని చిన్న అక్షరాలు చదవండి. మన దేశంలో అమ్మే ఆహార అనుబంధాల మీద “ఔషధంగా వాడటానికి కాదు” అన్న అర్థంలో ఇంగ్లీషులో ముద్రించాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది. అమ్మేవారే మందు కాదని రాస్తున్నదాన్ని మనం మందుగా వాడుతున్నాం. చెవుడు పోగొడతామని ప్రకటనలు ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. కాబట్టి ‘మూడు నెలల్లో వినికిడి తిరిగి వస్తుంది’ అని ఫోనుకు వచ్చే సందేశాలను తమ్ముడికి పంపకండి, తమ్ముడు పంపితే నమ్మకండి. అతను ప్రేమతో పంపాడు. ఆ ప్రేమకు గౌరవం ఇస్తూనే, ఇకపై సీసాలు వద్దని, మీ జబ్బు గురించి వారానికోసారి ఫోనులో అడిగితే చాలని చెప్పండి.

సప్లిమెంటును పరీక్షించి చూడాలనే ఉంటే ఒక న్యాయమైన పద్ధతి ఉంది. మొదట ఏదీ లేకుండా మూడు నెలలు నోటు పుస్తకంలో రాయండి. ఏ రోజు తల తిరిగింది, ఎంతసేపు, అంతకుముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, బయట ఏం తిన్నారు, పాఠశాలలో పరీక్షల ఒత్తిడి ఉందా, చెవి దిబ్బడ ముందుగా వచ్చిందా. తర్వాత డాక్టర్‌కు చెప్పి ఒక్కటే సప్లిమెంటు మొదలుపెట్టి ఇంకో మూడు నెలలు రాయండి. ఏడు ఒకేసారి మొదలుపెడితే ఏడు తెలియని రాశులతో ఒకే సమీకరణం రాసినట్టు. దాన్ని సాధించడం ఎవరి తరమూ కాదని నాకన్నా మీకే బాగా తెలుసు.

మీ డాక్టర్‌ను అడగవలసినవి ఇంకా రెండు ఉన్నాయి. ఒక్క చెవిలోనే హోరు, వినికిడి లోపం ఉన్నాయి కాబట్టి ఎంఆర్‌ఐ తీశారా? వినికిడి నరం మీద అరుదుగా వచ్చే గడ్డ లేదని తేల్చుకోవడానికి అది అవసరం. వినికిడి పరీక్ష మళ్లీ ఎప్పుడు? మెనియర్స్‌లో ఒక పరీక్ష ఫొటో వంటిదే, నాలుగైదు కాగితాలు పక్కపక్కన పెడితేనే జబ్బు నడక తెలుస్తుంది. ఖర్చు ఇబ్బందైతే కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వినికిడి పరీక్షకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ వాక్ శ్రవణ సంస్థ మీ మల్కాజిగిరికి దూరమేమీ కాదు. దాడులు మళ్లీ తరచైతే చెవి కర్ణభేరి వెనక్కి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. షుగర్ ఉన్నవారికి స్టెరాయిడ్ బిళ్ళలకన్నా అదే నయం. అక్కడికి చేరాల్సిన అవసరం చాలామందికి రాదు.

తల తిరిగినప్పుడు వేసుకునే ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నారిజైన్ వంటి బిళ్ళలు ఆ ఒకటి రెండు రోజులకే. నెలల తరబడి వేసుకుంటే మెదడు కొత్త సమతుల్యత నేర్చుకోవడం ఆలస్యమవుతుంది, చేతులు వణకడం, నడక బిగుసుకోవడం కూడా మొదలుకావచ్చు.

ఎప్పుడైనా తల తిరగడంతో పాటు మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక పక్క చేయి కాలు పట్టుతప్పడం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి ఉంటే అది మెనియర్స్ అనుకుని పడుకోకండి. బీపీ, షుగర్ ఉన్న మనిషి మీరు. వెంటనే 108కి ఫోను చేయించండి. తల తిరిగినప్పుడు ముందుగా గ్లూకోమీటరుతో షుగర్ కూడా చూడండి, పడిపోయి ఉండవచ్చు.

పాఠశాలలో మీ పక్క గది టీచరుకు ఈ జబ్బు సంగతి చెప్పి ఉంచండి. దాడి వస్తే కుర్చీలో కూర్చుని ఎదురుగా కదలని వస్తువు ఒకదాన్ని, గోడ గడియారమో నల్లబల్ల అంచో చూస్తూ ఉండాలని, పిల్లలను ఆవిడ చూసుకుంటారని ముందే అనుకుంటే సగం భయం పోతుంది. స్కూటరు నడుపుతారో లేదో మీరు రాయలేదు. నడిపితే మాత్రం మీ డాక్టర్ సరే అనేదాకా బస్సులోనో ఆటోలోనో వెళ్లండి, ఉప్పల్ దారిలో లారీల మధ్య గిర్రున తిరిగితే పట్టుకోవడానికి బల్ల ఉండదు.

రేపు పొద్దున ఉప్పు ప్యాకెట్టు మీద తేదీ వేయండి. అది ఎన్ని రోజులకు అయిపోయిందో, బి12 ఎంత వచ్చిందో మళ్లీ ఉత్తరంలో రాయండి, ఎదురుచూస్తాను.